సీసా మీద రాసిన స్వభావం: స్త్రీల పెర్ఫ్యూమ్ ఎవరి గురించి, ఎవరికి, ఏం చెబుతుంది?

తిరుపతి గాంధీ రోడ్డు దుకాణాల్లో చూసినా, ఫోన్‌లో కొనుగోలు యాప్ తెరిచి చూసినా, స్త్రీల పెర్ఫ్యూమ్ పెట్టె మీద ఇప్పుడు కనిపించే మాటలు వాసన గురించి తక్కువగానూ, దాన్ని పూసుకునే మనిషి గురించి ఎక్కువగానూ ఉంటున్నాయి. ఇది ధైర్యవంతురాలికి, అది అంతుచిక్కని స్త్రీకి, మరొకటి తన దారిన తాను నడిచే అమ్మాయికి అంటూ వర్ణనలు సాగుతాయి. నాలుగు ప్రశ్నలకు జవాబిస్తే మీ స్వభావానికి తగిన సెంటు ఏదో చెబుతామనే క్విజ్‌లు ఇన్‌స్టాగ్రామ్‌లో తిరుగుతున్నాయి. వీటిని చదివినవారికి కలిగే సందేహం చిన్నదేమీ కాదు. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో చదువు ముగించి ఇంటర్వ్యూకు వెళ్లే అమ్మాయి, తీపి వాసన పూసుకుంటే తనను చిన్నపిల్లగా లెక్కగడతారేమోనని జంకుతుంది. కోడలికి బహుమతి కొంటున్న అత్తగారు, ఘాటైన సీసా ఇస్తే ఆ అమ్మాయి ఏమనుకుంటుందోనని చేతిలోకి తీసుకున్నది తిరిగి అరలో పెట్టేస్తారు.

ఇక్కడ వేర్వేరు విషయాలు కలిసిపోయి ఒకే ప్రశ్నగా కనిపిస్తున్నాయి. సీసాలోని ద్రవం ఒంటి మీద ఏం చేస్తుందన్నది రసాయన శాస్త్రానికి సంబంధించినది. దానికి ఏ కథ తొడిగి అమ్మారన్నది వ్యాపార చరిత్ర. పక్కన నిలబడిన మనిషి దాన్ని ఏమని అర్థం చేసుకున్నాడన్నది ఆ మనిషి పెరిగిన ఊరికీ, ఇంటికీ సంబంధించినది. వీటిని విడదీసి చూస్తే తప్ప, వాసనకూ వ్యక్తిత్వానికీ నిజంగా ఎంత సంబంధం ఉందో తేలదు.

తిరుపతి ఎండలో ఒక సీసా చేసే పని

పెర్ఫ్యూమ్ అంటే ఆల్కహాల్‌లో కరిగించిన సుగంధ ద్రవ్యాల మిశ్రమం. ఆ ద్రవ్యాల పాలు ఎంత అన్నదాన్ని బట్టి పేర్లు మారతాయి. సుమారుగా చెప్పాలంటే కొలోన్‌లో 2 నుంచి 4 శాతం, ఓ ద టాయ్‌లెట్‌లో 5 నుంచి 15 శాతం, ఓ ద పర్ఫ్యూమ్‌లో 15 నుంచి 20 శాతం, అసలైన పర్ఫ్యూమ్‌లో 20 నుంచి 30 శాతం సుగంధ ద్రవ్యాలు ఉంటాయి. కంపెనీని బట్టి ఈ అంకెలు కొంత అటూ ఇటూ అవుతాయి.

ఆ మిశ్రమంలోని ద్రవ్యాలన్నీ ఒకే వేగంతో ఆవిరి కావు. నిమ్మజాతి నూనెల అణువులు తేలికైనవి గనుక ముందుగా లేచిపోతాయి. వీటిని టాప్ నోట్స్ అంటారు. తరువాత పూల వాసనలు నిలబడతాయి. అవి మిడిల్ నోట్స్. శ్రీగంధం, వెనిలా, జిగురు ద్రవ్యాలు, కస్తూరి వంటి బరువైనవి చివరిదాకా చర్మాన్ని అంటిపెట్టుకుంటాయి. అవి బేస్ నోట్స్. వేడి పెరిగితే ఆవిరయ్యే వేగం పెరుగుతుంది. చల్లని దేశంలో అరగంట నిలిచే నిమ్మవాసన మన ఎండలో అంతసేపు ఉండదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మే నెలలో, పగటి వేడి 42 డిగ్రీలున్న రోజున, చంద్రగిరి నుంచి తిరుపతికి ఉద్యోగానికి వచ్చే ఒక స్త్రీ ఉదయం ఎనిమిదిన్నరకు సెంటు చల్లుకుని ఇల్లు దాటిందనుకుందాం. వీధి చివర ఆటో ఎక్కినప్పుడు పక్కన కూర్చున్నవారికి నిమ్మ, నారింజ తొక్కల వాసన తగులుతుంది. పదిన్నరకు ఆఫీసులో పక్క బల్ల దగ్గరి ఆవిడకు తగిలేది మల్లె, గులాబీ. సాయంత్రం ఇంట్లో ఒడిలోకి వచ్చిన బిడ్డకు తెలిసేది వెనిలా, శ్రీగంధం. ఉదయం చూసినవారు చురుకైన మనిషి అనుకుంటారు, మధ్యలో చూసినవారు సుకుమారి అంటారు, రాత్రి చూసినవారికి ఆమె ఆప్యాయంగా తోస్తుంది. సీసా ఒక్కటే, మనిషీ ఒక్కతే. పెట్టె మీద రాసిన ఒకే ఒక్క స్వభావం ఇందులో ఏ గంటకు చెందినదో పెట్టె చెప్పదు.

వాసనలను కుటుంబాలుగా విభజించే పద్ధతి కూడా ఇక్కడే తెలుసుకోవాలి. సుగంధాల నిపుణుడు మైకేల్ ఎడ్వర్డ్స్ రూపొందించిన సుగంధ చక్రం ఈ వ్యాపారంలో బాగా వాడుకలో ఉంది. అందులో పూల వాసనలు, కట్టె వాసనలు, తాజా వాసనలు, ఓరియంటల్ (అంటే తూర్పు దేశాల) వాసనలు అనే నాలుగు పెద్ద వర్గాలు ఉండేవి. ఆసియా ప్రజలను ఒక మూసలో పోసి చూపే పేరుగా విమర్శలు రావడంతో 2021లో ఆ చివరి వర్గాన్ని ఆంబర్ అని మార్చారు. ఈ చక్రం వర్గీకరించేది ద్రవ్యాలను మాత్రమే. పూల వర్గానికి సౌమ్యురాలు, తాజా వర్గానికి చలాకీ పిల్ల, ఆంబర్ వర్గానికి మోహిని అని జతచేసినది ఆ తరువాతి అమ్మకపు భాష.

స్వభావం సీసాలోకి ఎప్పుడు చేరింది

పంతొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం వరకు యూరప్ సుగంధాలు గులాబీ, వయొలెట్, లావెండర్ వంటి పూల వాసనలను యథాతథంగా అందించేందుకే ప్రయత్నించాయి. కృత్రిమ ద్రవ్యాలు ఆ పరిస్థితిని మార్చాయి. 1882లో హూబిగాన్ సంస్థ ఫుజేర్ రోయాల్ అనే సుగంధంలో కూమరిన్ అనే కృత్రిమ ద్రవ్యాన్ని వాడింది. 1889లో గెర్లాన్ సంస్థ జికీ అనే సుగంధంలో కూమరిన్, వెనిలిన్ రెండింటినీ వాడింది. దానితో ప్రకృతిలో ఏ పూవుకూ లేని వాసనలు తయారయ్యాయి. పూవు పేరు చెప్పి అమ్మడానికి వీలులేని వాసనకు మరో కథ కావలసి వచ్చింది, ఆ కథ మనిషి రూపంలో వచ్చింది. పెర్ఫ్యూమ్ మీద వ్యక్తిత్వపు ముద్ర పడటానికి అసలు కారణం ఇదేనని నాకు అనిపిస్తుంది.

1921లో సుగంధ శిల్పి ఎర్నెస్ట్ బో, ఫ్యాషన్ రూపకర్త కోకో షనెల్ కోసం షనెల్ నంబర్ 5 తయారుచేశాడు. ఫ్రాన్స్‌లోని గ్రాస్ ప్రాంతపు జాజి, గులాబీలకు ఆల్డిహైడ్‌లు అనే కృత్రిమ ద్రవ్యాలు ఎక్కువ పాళ్లలో కలపడంతో వాసనకు ఒక చల్లని మెరుపు వచ్చింది, దానికి ఆధునిక స్త్రీ అనే కథ తోడయింది. 1973లో అమెరికాలో రెవ్లాన్ విడుదల చేసిన చార్లీ ప్రకటనల్లో ప్యాంటు వేసుకుని పెద్ద అంగలతో నడిచే ఉద్యోగిని కనిపించింది. మొగుడో ప్రియుడో కొనిపెట్టవలసిన వస్తువుగా కాక, తన జీతంతో తాను కొనుక్కునే వస్తువుగా సెంటును చూపడం అప్పటికి కొత్త. 1977లో ఇవ్ సాన్ లోరాన్ ఓపియం ఘాటైన మసాలా వాసనతో నిషిద్ధమైన ఆకర్షణను అమ్మింది. ఓపియం అంటే నల్లమందు; అది చైనాకు చేసిన నష్టాన్ని గుర్తుచేస్తూ అమెరికాలోని చైనా సంతతివారు ఆ పేరుపై నిరసన తెలిపారు. 1992లో తియెరీ ముగ్లెర్ ఏంజెల్ ఇథైల్ మాల్టాల్ అనే కృత్రిమ ద్రవ్యంతో పీచుమిఠాయి తీపినీ, పచౌలీతో మట్టి వాసననూ కలిపింది.

ఈ వరుసను గమనిస్తే, ఆయా దశకాల్లో స్త్రీ ఎలా ఉండాలని సమాజం వాదించుకుందో ఆ వాదనే సీసాల మీదికి ఎక్కిందని తెలుస్తుంది. అలాగని ద్రవానికీ కథకూ పొంతనే లేదనడం కూడా న్యాయం కాదు. సుగంధ శిల్పులు చెప్పే మాటలో బలం ఉంది. గాల్బనం వంటి పచ్చి ఆకు వాసన పదునుగా ముక్కును తాకుతుంది, ఐరిస్ పౌడరులా మెత్తగా ఉంటుంది, కస్తూరి జాతి వాసనలు ఒంటికి దగ్గరగా నిలుస్తాయి. పదునుకు, మెత్తదనానికి, సాన్నిహిత్యానికి మనసులో భిన్నమైన స్పందనలు కలుగుతాయన్నది వారి వాదన. భూపాల రాగం వినగానే తెల్లవారుజాము తలపుకు రావడం కూడా ఇలాంటిదే. స్వరాల్లో ఏదో ఉన్న మాట నిజం, కానీ ఆ రాగాన్ని వేకువలో విని పెరగనివారికి అందులో వేకువ వినిపించదు.

షాలిమార్‌ను ఇక్కడి ముక్కుతో చూస్తే

ఈ విషయం బాగా తెలియాలంటే ఒక ప్రసిద్ధమైన స్త్రీల పెర్ఫ్యూమ్‌ను తీసుకుని పరీక్షించాలి. గెర్లాన్ సంస్థకు చెందిన జాక్ గెర్లాన్ రూపొందించిన షాలిమార్ 1925లో పారిస్‌లో ప్రదర్శితమైంది. మొఘలుల తోట పేరు పెట్టుకున్న ఈ సుగంధంలో మొదట బెర్గమాట్ అనే నిమ్మజాతి కాయ వాసన, నడుమ జాజి, గులాబీ, ఐరిస్, అడుగున వెనిలా, జిగురు ద్రవ్యాలు ఉంటాయి. తొలినాళ్ల కూర్పులో పునుగు వంటి జంతు ద్రవ్యపు ఛాయ కూడా ఉండేది. నూరేళ్లుగా దీన్ని అనుభవశాలి అయిన, లోతు తెలియని, వశపరచుకునే స్త్రీ సుగంధంగా చెబుతూ వచ్చారు. ఓరియంటల్ వర్గమంతటికీ ఇదే మూలపుటమ్మ.

ఆ వర్గపు అడుగు వాసనను సాధారణంగా వెనిలా, లాబ్డనం అనే జిగురు, బెంజాయిన్ అనే మూడింటితో నిర్మిస్తారు. బెంజాయిన్ అంటే మన సాంబ్రాణి. పారిస్‌లో అంతుచిక్కని మోహానికి గుర్తుగా నిలిచిన ఆ జిగురు, చిత్తూరు జిల్లాలోని ఇళ్లలో ఎక్కడ తగులుతుందో చూడండి. బాలింతకు, పసిబిడ్డకు తలంటు పోసి, బుట్ట మీద వెంట్రుకలు ఆరబెట్టేటప్పుడు నిప్పుల మీద వేసే పొగ అది. శుక్రవారం దీపం పెట్టాక ఇల్లంతా తిప్పే ధూపం అది. ఈ ఇళ్లలో పెరిగిన ఒక మనిషికి షాలిమార్ అడుగు వాసన తగిలితే అమ్మమ్మ ఒడి గుర్తుకు రావడానికి ఎంత అవకాశముందో, మోహిని గుర్తుకు రావడానికి అంత అవకాశం లేదు. వెనిలా సంగతీ అంతే. మనకు అది బేకరీ కేకు, ఐస్‌క్రీమ్, పాలలో కలిపిన కస్టర్డ్.

పునుగు విషయం ఇంకా ఆశ్చర్యకరమైనది. పునుగు పిల్లి గ్రంథుల నుంచి వచ్చే ఈ ద్రవ్యం ముద్దగా ఉన్నప్పుడు దుర్గంధమే. నూనెలోనో ఆల్కహాల్‌లోనో బాగా పలచన చేస్తే వెచ్చని పరిమళం అవుతుంది. యూరప్ సుగంధ పరిశ్రమ దీన్ని స్త్రీల పెర్ఫ్యూమ్‌లలో దైహిక ఆకర్షణకు సంకేతంగా వాడింది; ఇప్పుడు దాని స్థానాన్ని చాలావరకు కృత్రిమ ద్రవ్యాలు తీసుకున్నాయి. తిరుమలలో శుక్రవారం అభిషేకం తరువాత శ్రీవారి మూలమూర్తికి పునుగు తైలం పూస్తారు, ఆ ద్రవ్యం కోసం దేవస్థానం తిరుపతి గోశాలలో పునుగు పిల్లులను పెంచిన సంగతి ఇక్కడివారికి తెలిసినదే. ఒకచోట శయ్యాగృహానికి చేరిన ద్రవ్యం, మరోచోట గర్భాలయానికి చేరింది. అణువులో ఏ మార్పూ లేదు.

మల్లెకు కూడా ఇలాంటి ద్వంద్వం ఉంది. మల్లె, జాజి పూలలో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది, ఆ పూలు విచ్చుకునే వేళ వాసన అంత మత్తుగా ఉండటంలో దానికీ పాత్ర ఉంది. తెల్లపూల పెర్ఫ్యూమ్‌ను పాశ్చాత్య రచనలు తరచుగా సాహసోపేతమైన స్త్రీకి ముడిపెడతాయి. సాయంత్రం ఆరు గంటలకు మన బస్టాండులో అదే వాసన బడిపంతులమ్మ జడలోనూ, పాలు అమ్మే ముసలమ్మ కొప్పులోనూ, కొత్తపెళ్లికూతురి తలలోనూ ఉంటుంది. మల్లెకు మన సినిమాలు శృంగారపు అర్థాన్ని అంటగట్టిన మాట నిజమే అయినా, ఒక స్త్రీ మల్లెలు పెట్టుకుంది గనుక ఆమె ఇలాంటిది అని ఎవరూ తేల్చరు. అదే స్త్రీ కొండెక్కినప్పుడు తలలో పూలు పెట్టుకోదు, ఎందుకంటే తిరుమలలో పూలన్నీ స్వామివే అన్నది ఆచారం.

ఇక్కడ నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఇది: మన ప్రాంతంలో సుగంధం ప్రధానంగా సందర్భాన్ని చెప్పింది. పెళ్లింట గుమ్మం దగ్గర వచ్చినవారందరికీ గంధం పూసి పన్నీరు చల్లుతారు; కోపిష్ఠికీ శాంతమూర్తికీ ఆ పూట ఒకే వాసన. పచ్చకర్పూరం తీర్థాన్ని చెబుతుంది, సాంబ్రాణి శుక్రవారాన్ని చెబుతుంది. ఇరవయ్యో శతాబ్దపు పెర్ఫ్యూమ్ పరిశ్రమ చేసినది సుగంధాన్ని సందర్భం నుంచి విడదీసి ఒక్కొక్క వ్యక్తికి అంటించడం. ఈ రెండు పద్ధతులూ ఇప్పుడు తిరుపతిలో ఒకే అలమరలో పక్కపక్కనే ఉన్నాయి గనుకనే ఇంత తికమక.

దీనికి ఎదురుగా చెప్పదగినవి కూడా ఉన్నాయి. మన సాహిత్యంలో వ్యక్తికి వాసనను ముడిపెట్టిన సందర్భాలు లేకపోలేదు. చేపల వాసన గల సత్యవతి పరాశరుడి వరంతో యోజనగంధి అయింది, ఆ పరిమళమే శంతనుడిని ఆమె దగ్గరికి నడిపించింది. వాసన మారడంతో ఆమె స్థితి మారింది, స్వభావం మాత్రం మారలేదు. పద్మినీజాతి స్త్రీకి తామర పరిమళం ఉంటుందని కామశాస్త్రకారులు రాశారు. అల్లసాని పెద్దన ప్రవరుడికి హిమాలయంలో కస్తూరి, కర్పూర తాంబూలాల గాలి తగిలినప్పుడు దగ్గర్లో స్త్రీ ఉందని అర్థమయింది, ఆమె ఎలాంటిదన్నది అర్థం కాలేదు. వరాహమిహిరుడు ఆరో శతాబ్దంలో సుగంధాల కూర్పు గురించి రాస్తూ, 16 ద్రవ్యాల నుంచి నాలుగేసి చొప్పున ఎంచుకుంటే 1820 రకాలు వస్తాయని లెక్కగట్టాడు; ఆ లెక్కలో ఉన్నవి ద్రవ్యాలు, పాళ్లు.

ప్రసంగవశాత్తూ ఒక మాట. శేషాచలం అడవుల ఎర్రచందనానికి శ్రీగంధం వంటి సువాసన లేదు. దాని విలువ రంగులోనూ, కొయ్యలోనూ ఉంది. పెట్టె మీద ఎర్రచందనం బొమ్మ చూసి ఆ వాసన తిరుపతిదే అనుకుని కొనేవారు ఇది గమనించాలి.

పరిశోధనలు ఎంతవరకు తోడు వస్తాయి

వాసన జ్ఞాపకాలను అంత బలంగా కదిలించడానికి శరీర నిర్మాణంలోనే కారణం ఉంది. చూపు, వినికిడి మెదడులో థాలమస్ అనే కేంద్రం గుండా వెళతాయి. వాసన సంకేతాలు మాత్రం ఉద్వేగాలకు, జ్ఞాపకాలకు సంబంధించిన భాగాలను దాదాపు నేరుగా చేరతాయి. మనిషి ముక్కులో సుమారు 400 రకాల వాసన గ్రాహకాలు పనిచేస్తాయి. ఈ గ్రాహకాల జన్యువులను 1991లో వెల్లడించిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఈ గ్రాహకాలు అందరిలో ఒకేలా ఉండవు. ఆండ్రోస్టెనోన్ అనే పదార్థం కొందరికి మూత్రంలా, కొందరికి తీయగా తోస్తే, కొందరికి అసలేమీ తెలియదు. ఈ తేడాలో కొంత భాగానికి ఓఆర్7డీ4 అనే ఒక గ్రాహకపు జన్యువు కారణమని 2007లో తేలింది. అంటే ఒకే సెంటును ఇద్దరు ఒకే వాసనగా గ్రహిస్తారన్న పూచీ కూడా లేదు.

మాట వాసనను ఎంతగా మార్చగలదో 2001లో రేచల్ హెర్జ్, జూలియా ఫాన్ క్లెఫ్ చూపించారు. ఒకే మిశ్రమాన్ని పర్మేసాన్ చీజ్ అని చెప్పి చూపితే ఇష్టపడినవారు, వాంతి అని చెప్పినప్పుడు అసహ్యించుకున్నారు. పెట్టె మీద అంతుచిక్కని స్త్రీ అని చదివాక మూత తీసినవారికి ద్రవం అంతుచిక్కనిదిగా తోచడంలో వింత ఏముంది?

పెట్టె మీది వర్ణన అచ్చంగా నా గురించే అనిపించడానికి మరో కారణం ఉంది. 1948లో మనస్తత్వవేత్త బెర్‌ట్రమ్ ఫోరర్ 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వారికి ఇచ్చినట్టుగా అందరికీ ఒకే కాగితం ఇచ్చాడు. అది తమకు ఎంత సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమంటే సగటు 4.26 వచ్చింది. ఇప్పుడు ఈ వాక్యం చూడండి: "బయటికి నిబ్బరంగా కనిపిస్తూ, తనవాళ్ల దగ్గర మాత్రమే మనసు విప్పే స్త్రీ కోసం." దీన్ని మల్లె సెంటు పెట్టె మీద వేసినా, నిమ్మ సెంటు పెట్టె మీద వేసినా, సాంబ్రాణి సెంటు పెట్టె మీద వేసినా, కొన్నవారు ఇది నా మాటే అనుకుంటారు. వాక్యాన్ని పెట్టెలు మార్చి చూసినా నప్పుతున్నదంటే అది వాసనను గురించి ఏమీ చెప్పడం లేదన్నమాట.

ఇక రెండో వైపు నిలిచే ఫలితాలు. బహిర్ముఖులు తాజా వాసనలను, అంతర్ముఖులు ఓరియంటల్ వాసనలను ఎక్కువగా ఇష్టపడతారని 1980ల చివర మెన్సింగ్, బెక్ రాశారు; అది యూరప్‌లో గమనించిన మొగ్గు, సాంబ్రాణి పొగలో పెరిగినవారికి అదే వర్తిస్తుందని చెప్పలేం. 2001లో మిలిన్‌స్కీ, వెడెకిండ్ చేసిన అధ్యయనంలో రోగనిరోధక వ్యవస్థకు చెందిన ఎంహెచ్‌సీ జన్యువులకూ, తమ కోసం ఎంచుకునే సుగంధాలకూ సంబంధం కనిపించింది. అది శరీరానికీ ఇష్టానికీ ఉన్న సంబంధం, గుణగణాలది కాదు. 2012లో పోలండ్ పరిశోధకులు, మూడు రాత్రులు తొడుక్కున్న టీషర్టుల వాసన చూసినవారు ఆ మనుషుల బహిర్ముఖత, ఆందోళన స్వభావం, ఆధిపత్య ధోరణి గురించి గుడ్డి ఊహ కన్నా కొంత మెరుగ్గా అంచనా వేయగలిగారని చూపారు. సెంటు వ్యాపారులు ఈ ఫలితాన్ని తమకు అనుకూలంగా చెప్పుకోవచ్చు, కానీ ఆ మనుషులను సెంటు వాడకుండా ఉంచి చేసిన పరీక్ష అది. ఒంటి వాసన ఏదో కొద్దిగా చెబుతుందనుకున్నా, సెంటు చేసే పని దాని మీద మరో వాసన కప్పడమే.

నాకు అన్నిటికన్నా నమ్మదగినదిగా తోచేది 2009 నాటి బ్రిటన్ అధ్యయనం. సువాసన గల డియోడరెంట్ వాడిన పురుషులకు ఆత్మవిశ్వాసం పెరిగింది. వారి మూగ వీడియోలను చూసిన స్త్రీలు, వాసన తగిలే అవకాశమే లేకపోయినా, వారిని మరింత ఆకర్షణీయంగా లెక్కగట్టారు. అంటే సుగంధం ముందుగా పనిచేసేది పూసుకున్నవారి మీద. అది నడకలో, కూర్చునే తీరులో బయటపడుతుంది. పురుషుల మీద జరిగిన పరీక్షే అయినా, తనకు నచ్చిన సెంటు పూసుకున్న రోజున మెడ నిటారుగా నిలుస్తుందని చెప్పే స్త్రీల అనుభవానికి ఇది సరిపోతుంది.

ఎదుటివారు కట్టే లెక్క

ఇంటర్వ్యూ గదికి వద్దాం. బల్ల అవతల ఇద్దరున్నారనుకుందాం. ఒకరు పుత్తూరులో పూజగది పొగల మధ్య పెరిగినవారు, మరొకరు విదేశంలో చదివి వచ్చినవారు. ఆంబర్ వాసన పూసుకున్న అమ్మాయి లోపలికి వస్తే మొదటివారికి ఇంటి పిల్లలా, రెండోవారికి ఆడంబరంగా తోచవచ్చు. ఆమె పుట్టుక, చదువు, పనితనం ఏవీ ఈ రెండు అంచనాల్లోనూ లేవు. ఉన్నది అంచనా వేసినవారి గతం. వాసనను బట్టి స్త్రీ శీలాన్ని, స్వభావాన్ని తూచే అలవాటు చాలా పాతది, దానివల్ల బాధపడినవారు ఎందరో. పెట్టె మీది పొగడ్త మాటలు కూడా ఆ అలవాటుకే కొత్త బలాన్నిస్తాయని నాకు బెంగ.

గదిలో నిజంగా తేడా తెచ్చేది చాలాసార్లు వాసన రకం కన్నా మోతాదు. ఒకే వాసనకు ముక్కు కొద్ది నిమిషాల్లోనే అలవాటుపడి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది, అందువల్ల పూసుకున్న మనిషి వాసన పోయిందనుకుని మళ్లీ చల్లుకుంటుంది. కొత్తగా గదిలోకి వచ్చినవారికి అది ముఖం మీద కొట్టినట్టు తగులుతుంది. ఏసీ వేసి తలుపులు మూసిన గదిలో, పార్శ్వపు నొప్పి ఉన్నవారి పక్కన ఈ మోతాదు నిజంగా ఇబ్బంది పెడుతుంది. దీన్ని ఆమె దూకుడు స్వభావంగా చదివేవారు, ముక్కు అలవాటుపడే తీరును స్వభావానికి అంటగడుతున్నారు.

స్త్రీల పెర్ఫ్యూమ్ అనే విభజనకు కూడా ఇదే పరీక్ష పెట్టవచ్చు. 1889 నాటి జికీని మొదట్లో పురుషులు కూడా ఇష్టంగా వాడారు, తరువాత అది స్త్రీల అరకు చేరింది. 1994లో కాల్విన్ క్లైన్ సీకే వన్‌ను ఇద్దరికీ కలిపి అమ్మి పెద్ద విజయం సాధించింది. మన గంధం, పన్నీరు, జవ్వాజి ఎన్నడూ ఆడ మగ అని విడివడలేదు. బెర్గమాట్, శ్రీగంధం, కస్తూరి రెండు అరల్లోని సీసాల్లోనూ ఉంటాయి; పాళ్లు మారతాయి, సీసా ఆకారం, పెట్టె రంగు, మీద రాసిన వాక్యం మారతాయి.